సుజాతకు మాత్రమే వినిపించే సన్నటి కూత

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. ఇప్పటికీ లేదు. ఇరవై రెండేళ్లుగా ఇళ్లకు కరెంటు పని చేస్తున్నాను. ఆ నమ్మకం ఉంటే నాకు ఈ పని సాగదు.

ఎందుకంటే ఇంట్లో ఏదో ఉందని అనుమానం వచ్చినవాళ్లు చాలాసార్లు ముందు పిలిచేది మమ్మల్నే. ఫ్యాను దానంతటదే తిరిగిందంటారు. ఆర్పిన లైటు మిణుకుమిణుకుమంటోందంటారు. పోయి చూస్తే న్యూట్రల్ లూజుగా ఉంటుంది, లేదా బోర్డులోకి చెమ్మ దిగి ఉంటుంది. ఒక ఇంట్లో గోడ లోపల ఎవరో గోకుతున్నారని ఇల్లు ఖాళీ చేయడానికి సిద్ధపడ్డారు. వైరు పైపులో ఎలుక ఇరుక్కుని ఉంది. అంతే.

అలాంటివాణ్ణి ఇది రాస్తున్నాను. పేర్లు మార్చాను. మిగతాదంతా జరిగింది జరిగినట్టే.

మాది దమ్మపేట. నా భార్య సుజాత పుట్టిల్లు మధిర దగ్గర. ఇంట్లోనే కుట్టుమిషను మీద జాకెట్లు కుడుతుంది. పెళ్లయిన కొత్తలో ఒక మాట చెప్పింది. చిన్నప్పుడు వెనక డబ్బాలాంటి పాత టీవీలు ఉండేవి కదా, వాటిల్లోంచి కీమని సన్నటి కూత వచ్చేదట. సౌండు పూర్తిగా తగ్గించినా వచ్చేదట. వీధిలో నడుస్తూ ఏ ఇంట్లో టీవీ పెట్టి ఉందో చెప్పేదాన్ననింది. నేను నవ్వాను.

టీవీలు మారాయి గానీ ఆ కూత పోలేదు. సెల్లు అడాప్టర్‌లోంచి ఒక రకంగా, సెట్‌టాప్ బాక్సులోంచి ఒక రకంగా, ఎల్‌ఈడీ బల్బుల్లోంచి ఇంకో రకంగా వస్తుందనేది. పడుకునే ముందు ఇంట్లో ఉన్న ప్లగ్గులన్నీ పీకేసేది. నాకైతే ఏమీ వినపడదు. మా అమ్మాయికీ వినపడదు.

ఒకరోజు ఆమె మాటలో నిజమెంతో తేలుద్దామని పరీక్ష పెట్టాను. కళ్లకు తువ్వాలు కట్టి గోడ వైపు తిప్పి కూర్చోబెట్టాను. అడాప్టర్ ప్లగ్గులో పెట్టి స్విచ్చు వేస్తూ తీస్తూ ఉన్నాను. టక్కుమన్న శబ్దాన్ని బట్టి చెప్తుందేమోనని ప్రతిసారీ స్విచ్చును నాలుగైదుసార్లు టకటకలాడించి ఒకచోట ఆపాను. "ఇప్పుడు ఉంది", "ఇప్పుడు లేదు" అని చెప్పింది. పదిసార్లు పెట్టాను. పదిసార్లూ సరిగ్గా చెప్పింది.

ఖమ్మంలో చెవి డాక్టరుకు చూపిస్తే కొందరి చెవులు అలా ఉంటాయన్నాడు, రోగమేమీ కాదన్నాడు. సరే, ఆమెకు వినపడుతుంది, మాకు వినపడదు. అక్కడితో ఆ సంగతి నా మనసులోంచి పోయింది.

ఇంకో మనిషి గురించి చెప్పాలి. సోమయ్య. పదిహేనేళ్లు నాతో కలిసి పని చేశాడు. నాకంటే నాలుగేళ్లు చిన్న. భద్రాచలం వైపు అడవి అంచున ఉన్న ఊరు. రోజూ బండి మీద వచ్చి పోయేవాడు. మేం ఇద్దరం ఒక గోడకు అటూ ఇటూ నిలబడి మాట్లాడుకోకుండా వైరు లాగేవాళ్లం, అంత కుదిరింది మాకు. ఒక్క అలవాటు మాత్రం ఎన్నిసార్లు తిట్టినా మానలేదు. వైరు మీద ప్లాస్టిక్‌ను పంటితో కొరికి లాగేసేవాడు. "మెయిన్ దించినంక ఏమైతదన్నా" అనేవాడు.

ఆ ఏడు వానలు గట్టిగా పట్టాయి. పామాయిల్ తోటల అవతల ఒక ఊళ్లో పాత ఇంటికి కొత్త వైరింగ్ చేస్తున్నాం. అన్నదమ్ముల ఇల్లు. ఒకప్పుడు ఒకటే ఇల్లు, మధ్యలో గోడ కట్టి రెండు భాగాలు చేసుకున్నారు. మా పని పెద్దాయన భాగంలో.

ఒక శనివారం సాయంత్రం ఇంటికి వచ్చాను. సుజాత మిషను దగ్గర నుంచి తలెత్తి, "సెల్లు జేబులో పెట్టుకొని చార్జింగ్ పెట్టినవా ఏంది?" అంది.

"సెల్లు స్విచాఫ్ అయింది. బండి డిక్కీలో ఉంది" అన్నాను.

"మరి ఏందది, గంత కూత?"

జేబులో ఉన్న టెస్టర్ తీసి బల్ల మీద పెట్టాను. వాచీ తీశాను. తాళాలు తీశాను. ఆమె తల అడ్డంగా ఊపుతూనే ఉంది. నేను పెరట్లోకి పోయాను. గుమ్మం దాకా వచ్చి నిలబడింది. మళ్లీ లోపలికి వచ్చాను. ఆమె తల నాతోపాటే తిరిగింది.

"నీలోంచే వస్తంది" అంది.

"నేనేమన్నా సెట్‌టాప్ బాక్సునా?" అని నవ్వాను. ఆమె నవ్వలేదు.

మర్నాడు ఆదివారం. రాత్రంతా ఆమె సరిగ్గా నిద్రపోలేదని మొహం చూస్తే తెలిసింది. నాకు కోపం వచ్చింది. ఈ గోల ఇక్కడితో ఆపాలని మళ్లీ పరీక్ష పెట్టాను. ఇంటి మెయిన్ దించాను. మా ఇంట్లో ఇన్వర్టర్ లేదు. సెల్లులు రెండూ పక్కింట్లో ఇచ్చి వచ్చాను. కళ్లకు తువ్వాలు కట్టి హాలు మధ్యలో కుర్చీలో కూర్చోబెట్టాను. వట్టి కాళ్లతో, ఊపిరి బిగబట్టి నడిచాను. ఒక మూలకు పోయి నిలబడితే ఆమె వేలు చూపించాలి.

నాలుగుసార్లు వేరు వేరు చోట్ల నిలబడ్డాను. నాలుగుసార్లూ వేలు నా మీదికే వచ్చింది. అయిదోసారి నేను కదల్లేదు. అక్కడే ఉన్నాను.

"కదల్లేదు నువ్వు" అంది.

తువ్వాలు విప్పాను. మెయిన్ ఎత్తాను. ఫ్యాను తిరిగింది.

ఆ వారమంతా ఆ కూత పెరుగుతోందని చెప్పింది. ముందు రోజుల్లో దగ్గరికొస్తేనే వినపడేదట. శుక్రవారం నాటికి నా బండి సందు మలుపు తిరుగుతుండగానే తెలిసిపోతోందట. నేను ఆమె మీద అరిచాను. ఇలాంటివి బయట మాట్లాడితే జనం ఏమనుకుంటారని అన్నాను. పిచ్చి పట్టిందా అని కూడా అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

ఆ పై ఆదివారం సోమయ్య పుట్టగొడుగులు పట్టుకొని ఇంటికి వచ్చాడు. వానలకు వాళ్ల చేను గట్టు మీద మొలిచాయట. వరండాలో కూర్చున్నాం. సుజాత చాయ్ గ్లాసులతో గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది. ముందు నన్ను చూసింది, తర్వాత సోమయ్యను చూసింది. గ్లాసులు కింద పెట్టేసి, అక్కడే గడప మీద కూర్చుండిపోయింది.

"ఏమైంది వదినా?" అన్నాడు సోమయ్య.

నేను కళ్లతో వద్దన్నాను. ఆమె ఆగలేదు. వారం రోజుల సంగతంతా చెప్పింది. చివర్న, "ఇప్పుడు నీలోంచి కూడా వస్తంది సోమయ్యా. ఇద్దరిదీ ఒక్కటే తీరు. మీరిద్దరు చేసే పనిలోనే ఏదో ఉంది. రేపు పోకుండ్రి" అంది.

సోమయ్య నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. "పోకుండ ఎట్ల వదినా, ఒప్పుకున్న పని. రేపు ఒకటికి రెండుసార్లు చూసుకొని చేస్తంలే. చూసుకుంటే పోయేదేముంది?" అన్నాడు.

సోమవారం పొద్దున గాలివాన. తీగల మీద కొమ్మలు పడి ఊరంతటికీ కరెంటు లేదు. మేం చేసే భాగానికి మెయిన్ కూడా దించే ఉంది. రెండు వారాలుగా దించే ఉంది. ఆ రోజు చేయాల్సిందల్లా మధ్యగోడలో ఉన్న పాత డబ్బా విప్పి, అందులో పాత వైర్ల కొసలకు కొత్తవి కలపడం. కరెంటే లేని ఊళ్లో, మెయిన్ దించిన ఇంట్లో టెస్టర్ పెట్టి చూసేవాడు ఎవడూ ఉండడు. నేనైనా పెట్టను.

సోమయ్య స్టూలు ఎక్కి డబ్బా విప్పాడు. కింద నేల తడిగా ఉంది. స్టూలు ఇనుపది. పాత వైరు కొస బయటికి లాగి, అలవాటు ప్రకారం పంటి దగ్గరికి తీసుకుపోయాడు.

"ఆగు. ఒక్కసారి టెస్టర్ పెట్టు" అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా అనిపించింది. వాడు నా వైపు చూసి, జేబులోంచి టెస్టర్ తీసి వైరు కొసకు ఆనించాడు.

టెస్టర్ వెలిగింది.

సోమయ్య మెల్లగా దిగి, గోడకు ఆనుకొని కూర్చున్నాడు. నేను గోడ అవతలికి పోయి చూశాను. తమ్ముడి భాగంలో కొత్త ఇన్వర్టర్ ఉంది. ఇల్లు ఒకటిగా ఉన్నప్పుడు వేసిన పాత తీగ ఒకటి రెండు భాగాలకూ కలిసే ఉంది. ఇన్వర్టర్ పెట్టినవాళ్లు తెలియక దానికే కలిపారు. కరెంటు అటు నుంచి ఇటు వెనక్కి వస్తోంది.

ఇంతవరకు వింత ఏమీ లేదు. ఇలాంటి పొరపాట్లు నేను చాలా చూశాను.

తమ్ముడి భార్య వంటింట్లో ఉంది. "ఇన్వర్టర్ ఎప్పుడు పెట్టించారమ్మా?" అని అడిగాను.

"ఇయ్యాలనే అన్నా. పొద్దున ఏడింటికొచ్చి పెట్టి పోయిండ్రు" అంది.

పొద్దున ఏడింటికి. సుజాత నాలోంచి కూత వస్తోందని చెప్పింది అంతకు తొమ్మిది రోజుల ముందు. అప్పటికి ఆ ఇన్వర్టర్ ఇంకా ఏ దుకాణంలో ఉందో కూడా ఎవరికీ తెలియదు.

ఆ సాయంత్రం నేను ఇంట్లోకి అడుగుపెట్టగానే సుజాత లేచి నిలబడింది. దగ్గరికి వచ్చి నా ఛాతీ మీద చెవి ఆనించి విన్నది. "పోయింది" అని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమె ముందు నేను ఏడవడం అదే మొదలు.

ఇక్కడితో అయిపోయి ఉంటే ఇది రాసేవాణ్ణి కాదు. నలుగురిలో కూర్చున్నప్పుడు చెప్పుకునే కథ అయ్యేది.

మర్నాడు సాయంత్రం పని అయ్యాక సోమయ్య నాతోపాటు ఇంటికి వచ్చాడు. వదినకు మొక్కాలన్నాడు. వాణ్ణి వరండాలో కూర్చోబెట్టి మంచినీళ్ల కోసం లోపలికి పోయాను. సుజాత వంటింట్లో గోడను పట్టుకొని నిలబడి ఉంది.

"నీది పోయింది. ఆయనది పోలేదు" అంది.

"సరిగ్గా ఇను."

"ఇంటనే ఉన్న. మొన్నటికంటే ఎక్కువయింది. నేను చెప్త."

నేను చేయి పట్టుకొని ఆపాను. ఏమని చెప్తావు అన్నాను. దేని వల్లో తెలియదు, ఎప్పుడో తెలియదు. ఇద్దరు పిల్లల తండ్రి. ఆ భయంతో వాడు ఎట్లా బతుకుతాడు? చెప్పి చేసేదేముంది? నేను చూసుకుంటానన్నాను. వాణ్ణి కరెంటు దగ్గరికి పోనివ్వనన్నాను. ఆమె ఒప్పుకోలేదు. కానీ నేను చేయి వదల్లేదు.

అప్పుడే వరండాలోంచి సోమయ్య కేకేశాడు. "వదినా! నాది కూడ పోయినట్టేనా?"

సుజాత నా మొహం చూసింది. నేను నీళ్ల గ్లాసుతో బయటికి వచ్చాను.

"పోయింది తమ్మీ. మొత్తం పోయింది" అన్నాను.

వాడు తేలిగ్గా నవ్వి నీళ్లు తాగాడు. నాకు ఆ నవ్వు ఇంకా గుర్తుంది.

అనుకున్నట్టే వాణ్ణి కాపలా కాశాను. వైరు పని నేను చేసి, గోడలు తొలవడం, పైపులు వేయడం వాడికి ఇచ్చాను. ఏదో సాకు చెప్పి భద్రాచలం తీసుకుపోయి డాక్టరుకు చూపించాను. బీపీ, షుగరు, గుండె పరీక్ష అన్నీ బాగున్నాయి. "నాకంటే నువ్వే సగం చిక్కినవన్నా, నువ్వు చూపించుకో" అన్నాడు.

రెండు వారాలు తిరగలేదు. ఒక మధ్యాహ్నం మబ్బు పట్టి ఉరుములు మొదలయ్యాయి. ఉరుములంటే నాకు పిడుగు గుర్తొచ్చింది, పిడుగంటే కరెంటు గుర్తొచ్చింది. "ఇయ్యాలటికి చాలు, జల్దీ ఇంటికి పో" అని నేనే పంపించాను. సాయంత్రం దాకా పని ఉంది. ఉండి ఉంటే వాన వెలిసేది.

వాళ్ల ఊరికి ముందు ఒక వాగు ఉంది. దాని మీద నేలమట్టపు వంతెన. పైన అడవిలో వాన కురిసి వాగు పొంగింది. గట్టు మీద ఆగినవాళ్లు వద్దన్నారట. అరగంట ఆగితే తగ్గుతుందన్నారట. "నాకేం కాదులే" అని నవ్వుతూ బండి దింపాడట. మర్నాడు పొద్దున కిందికి రెండు మైళ్ల దూరంలో పొదల్లో దొరికాడు.

ఆ వాగులో కరెంటు లేదు. వైరు లేదు. ఏమీ లేదు.

పెద్దకర్మ అయిన రోజు అందరూ భోజనాలు చేసి లేచాక సోమయ్య భార్య సమ్మక్క నన్ను పక్కకు పిలిచింది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది.

"బావా, ఒక్క మాట అడుగుత, నిజం చెప్పు. మీ ఇంటికొచ్చిన్నాడు ఆయన ఎంత సంబరంగ వచ్చిండో. గండం పోయింది, వదినె విన్నది, ఇగ నాకేం కాదు అన్నడు. అక్కకు నిజంగ ఏం వినపడలేదా?"

దూరంగా సుజాత గిన్నెలు సర్దుతోంది. మా వైపే చూస్తోంది.

"లేదమ్మా" అన్నాను.

సమ్మక్క తల ఊపింది. "అవ్, వినపడితే అక్క చెప్పకుండ ఉంటదా" అంది.

దీనికి ఎన్నో కారణాలు వెతుక్కున్నాను. మాకు పని మీద భయం ఉండబట్టి సుజాత అలా ఊహించుకుందా? అప్పటికి మాకు ఏ భయమూ లేదు. అలికిడి పట్టి వేలు చూపించిందా? మరి కదలకుండా నిలబడ్డప్పుడు కదల్లేదని ఎట్లా చెప్పింది? తెలిసిన ఇంజనీరు ఒకాయనకు పేర్లు చెప్పకుండా ఈ సంగతి చెప్పాను. మనిషి ఒంట్లోంచి అలాంటి శబ్దం రాదన్నాడు. అది నాకూ తెలుసు. దయ్యమని నేను అనను. ఏమిటని అడిగితే మాత్రం నా దగ్గర జవాబు లేదు.

జవాబు ఉన్న ప్రశ్న ఒకటే. వాడు అడిగినప్పుడు నిజం చెప్పి ఉంటే గట్టు మీద అరగంట ఆగేవాడా? ఆగేవాడనే నాకనిపిస్తుంది. ఈ మాట సుజాత ఎన్నడూ నన్ను అనలేదు. అంటే బాగుండేది.

ఇప్పుడు మా ఇంటికి ఎవరన్నా చుట్టాలొస్తే సుజాత వాళ్లు గుమ్మం ఎక్కకముందే టీవీ పెద్దగా పెడుతుంది. పిండి రుబ్బేది లేకపోయినా మిక్సీ వేస్తుంది. వచ్చినవాళ్లు కొంచెం చిత్రంగా చూస్తారు. ఎవరిలోంచి ఏం వస్తుందో వినడం ఆమెకు ఇష్టం లేదు.

నాకు మాత్రం టీవీ పెట్టదు. నేను రోజూ సాయంత్రం పని నుంచి వచ్చి, బండి స్టాండు వేసి, మెట్టు మీదే కాసేపు నిలబడతాను. ఆమె మిషను ఆపుతుంది. తలెత్తి నా వైపు చూస్తుంది. ఒక్కోరోజు ఆ చూపు కొంచెం ఎక్కువసేపు ఉంటుంది.

తర్వాత, "కాళ్లు కడుక్కొని రా, అన్నం పెడత" అంటుంది. అప్పుడు లోపలికి పోతాను.